గెన్‌ర్యాకు రెండో సంవత్సరం, ఉదయం ఐదూ యాభై

మీ ఇంట్లో ఆఖరుగా పోయిన మనిషి ఎన్నింటికి పోయారని ఎవరైనా అడిగితే, మీరు చెబుతున్న టైము నిజమైనదేనా? ప్రమాణాలు అక్కర్లేదు, అవి దేవుణ్ణి నమ్మేవాళ్ల పని. ఊరికే ఆలోచించి చెప్పండి. అది మీకు తెలిసిన టైమా, మీకు కుదిరిన టైమా?

నేను ఐదు నెలల పాటు కుదిరిన టైమే చెప్పాను.

మేం ఉండేది క్రైస్ట్‌చర్చ్‌లో. భూకంపం తర్వాత ఊరు మళ్లీ కడుతున్న రోజుల్లో స్ట్రక్చరల్ ఇంజనీరుగా వచ్చాను. పాత ఇళ్ల గోడలు చూసి, ఏ పగులు పైపైదో, ఏది పునాది దాకా దిగిందో చెప్పడం నా ఉద్యోగం. అంతకుముందు, కాలేజీ రోజుల్లో, కోస్తాలో ఊరూరా హేతువాద సభల్లో మాట్లాడేవాణ్ణి. గాల్లోంచి విభూతి తీసే బాబాల చేతి గారడీని స్టేజీ ఎక్కి చేసి చూపించాను. నిప్పుల మీద నడిచాను. పట్టుబట్టి రాహుకాలంలో పెళ్లి చేసుకున్నాను.

మాకు తర్ఫీదిచ్చిన పెద్దాయన రెండు పద్ధతులు నేర్పాడు. మొదటిది, ఎవరేం చెప్పినా "నీకెలా తెలుసు?" అని అడగడం. రెండోది, అవతలివాడి నేల మీదే నిలబడి అవతలివాణ్ణి పడగొట్టడం. పంచాంగం నమ్మేవాడి ముందు ఖగోళశాస్త్రం విప్పకు, వాడి పంచాంగంతోనే వాణ్ణి పట్టుకో అనేవాడు. రెండో పద్ధతి నాకు బాగా అబ్బింది. మొదటిది ఇతరుల మీద వాడటం వరకే అబ్బింది.

అత్తయ్య, మామయ్య పదకొండేళ్లుగా మాతోనే ఉన్నారు. అత్తయ్యకు దగ్గు. ఆ దగ్గుతో మామయ్యకు నిద్ర చెడుతుందని వీధి వైపు గదిలో ఒక్కతే పడుకునేది. పక్క గదిలో మామయ్య చెవి మిషను తీసి డబ్బాలో పెట్టుకుని పడుకునేవారు. ఆయన రైల్వేలో స్టేషన్ మాస్టరుగా రిటైరయ్యారు. ఏ బండి ఎన్నింటికి వచ్చింది, ఎన్నింటికి కదిలింది అని జీవితమంతా రాసిన మనిషి. ఇక్కడికొచ్చాక బళ్లు లేకపోయినా డైరీ మానలేదు. నేను ఆఫీసుకు బయల్దేరిన టైము, మనవరాలు ఎక్కిన బస్సు టైము, వాన మొదలైన టైము, అన్నీ అందులో ఉండేవి.

జూన్‌లో ఒక ఉదయం నాకు చప్పుడు వినిపించింది. చెక్క నేల మీద స్టీలు గ్లాసు పడి, దొర్లి, గోడకు తగిలి ఆగింది. ఫోన్లో టైము చూశాను. ఐదూ యాభై. బయట ఇంకా చీకటి, కిటికీ అద్దం మీద మంచు. అత్తయ్య మంచినీళ్లకు లేచి ఉంటుందనుకున్నాను. మా ఆవిడ హాస్పిటల్లో నర్సు, ఆ వేళ డ్యూటీలో ఉంది. వెనక గదిలో మా అమ్మాయి నిద్రపోతోంది. చప్పుడు విన్నవాణ్ణి నేనొక్కణ్ణే. దుప్పటి ఇంకాస్త పైకి లాక్కున్నాను.

ఏడూ నలభైకి కాఫీ పట్టుకెళితే, అత్తయ్య మంచం అంచున పక్కకు ఒరిగి ఉంది. చెయ్యి కిందికి వేలాడుతోంది. చల్లగా ఉంది. గ్లాసు గోడ వార ఉంది.

గుండె ఆగిందన్నాడు డాక్టరు. ఎప్పుడో చెప్పలేమన్నాడు. వచ్చిన ప్రతి ఒక్కరూ "ఎన్నింటికండీ?" అనే మొదట అడిగారు. "ఏడూ నలభైకి చూశాను" అన్నాను. మొదటి రోజు "చూశాను" అన్నాను. రెండో రోజుకు "ఏడూ నలభైకి పోయారు" అయింది. ఈ మార్పు జరగడానికి ఎంత సేపు పట్టిందో మామయ్య డైరీలో కూడా దొరకదు.

మా ఊళ్లో పంతులుగారంటే, వారమంతా సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసి శని ఆదివారాలు పంచె కట్టుకునే ఒకాయన. మంచివాడే. వచ్చి కూర్చుని ఫోన్లో పంచాంగం యాప్ తీశాడు.

"ఎన్నింటికి అన్నగారూ?"

"ఏడూ నలభై."

"ఇక్కడి టైములోంచి ఆరున్నర గంటలు తీసేస్తే ఇండియా టైము వస్తుంది. ఒంటిగంటా పది." వేలితో స్క్రీను కిందికి జరిపాడు. "రేవతి నక్షత్రం ఆరూ ముప్ఫై అయిదు దాకా ఉంది." ఆగాడు. మామయ్య వైపు చూసి గొంతు తగ్గించాడు. "ధనిష్ఠా పంచకం అంకుల్. ఆరు నెలలు ఇల్లు ఖాళీ చేయాలి."

ధనిష్ఠ నుంచి రేవతి దాకా ఐదు నక్షత్రాలు. వాటిలో ఎవరైనా పోతే ఆ చావు ఇంకో చావును పిలుచుకొస్తుందట. అందుకని ఇల్లు మూసి తాళం వేసి వెళ్లిపోవాలట. ఆక్లండ్ దగ్గర పాపకూర అనే ఊళ్లో ఒక కుటుంబం సొంత ఇల్లు మూసుకుని ఆరు నెలలు బంధువుల గరాజులో కాపురం చేసింది. చదువుకున్నవాళ్లే. ఒకామె ఫార్మసిస్టు. చంద్రుడు ఆకాశంలో ఎక్కడున్నాడో చూసి పసిపిల్లల్ని కాంక్రీటు నేల మీద పడుకోబెట్టిన ఆ సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

మామయ్య ఒకటే మాట అన్నారు. "నేను రాను. నేను దాని గదిలోనే పడుకుంటాను."

"నాన్నా, పిల్ల ఉంది ఇంట్లో" అంది మా ఆవిడ. హాస్పిటల్లో రోజూ చావును చూసే మనిషి. అయినా సూట్‌కేసు కిందికి దించింది. ఆమె స్నేహితురాలు తమ ఇంట్లో రెండు గదులిస్తానని అప్పటికే ఫోన్ చేసింది.

"మీరు వెళ్లండమ్మా. తలుపు బయట తాళం వేసుకుని వెళ్లినా సరే. అరవై ఏళ్ల నుంచి నేను దాన్ని ఒక్కదాన్నే ఎక్కడా వదల్లేదు. ఇప్పుడు వదలమంటారా?"

రెండు రోజులు ఇదే గొడవ. ఆయన అన్నం ముట్టలేదు. అత్తయ్య మంచం మీద చేతులు మోకాళ్ల మధ్య పెట్టుకుని కూర్చున్నారు, బండి రాని ప్లాట్‌ఫారం మీద కూర్చున్నట్టు. ఆయన్ని ఆ గదిలోంచి లేపితే ఆయన కూడా మిగలరని నాకనిపించింది. మూడో రోజు పంతులుగారు వచ్చినప్పుడు నా రెండో పద్ధతి బయటికి తీశాను.

"పంతులుగారూ, ఆ యాప్‌లో ఇవాళ సూర్యోదయం ఎన్నింటికుంది?"

"ఎనిమిదికండీ."

"విజయవాడలో జూన్ నెలలో ఎనిమిదింటికి తెల్లారుతుందా?"

ఆయన ఫోను వంక చూశాడు, నా వంక చూశాడు. "అయ్యో. ఇది ఇక్కడి టైమే చూపిస్తోందండీ."

"మరి ఆరున్నర గంటలు ఎందుకు తీశారు?"

"అలవాటండీ. ఇండియా నుంచి తెప్పించుకునే అచ్చు పంచాంగానికైతే తీయాలి. ఇది దానంతటదే మార్చేసుకుంది. నేను మళ్లీ తీసేశాను."

"అయితే ఇప్పుడు తీయకుండా చూడండి."

"తీయకపోతే... ఆరూ ముప్ఫై అయిదుకి రేవతి వెళ్లిపోయింది. ఏడూ నలభైకి అశ్విని." ఆయన మొహం వెలిగింది. "దోషం లేదు అంకుల్! ఏమీ లేదు!"

మా ఆవిడ గోడకు ఆనుకుని ఏడ్చింది. మామయ్య మూడు రోజుల్లో మొదటిసారి నవ్వారు. "మా రైల్వేలో అయితే అల్లుడుగారిని టైంటేబుల్ ఆఫీసులో వేసేవాళ్లు. జనం బళ్లు తప్పిపోకుండా బతికిపోయేవాళ్లు" అన్నారు. చావింట్లో అందరూ నవ్వారు. ఆయన లేచి డైరీ తీసి, నన్ను ఇంకోసారి అడిగి, 7:40 అని రాసుకున్నారు.

నేను ఆ మాటలన్నీ మాట్లాడుతున్నప్పుడే నాకు తెలుసు. ఐదూ యాభై అనేది ఆరూ ముప్ఫై అయిదుకు ముందు వస్తుంది. గ్లాసు పడ్డప్పుడే ఆవిడ పోయి ఉంటే, వాళ్ల లెక్క ప్రకారం అది రేవతే. నేను గెలిచిన వాదన నేను దాచిన నలభై అయిదు నిమిషాల మీద నిలబడి ఉంది.

సెప్టెంబరులో మా అమ్మాయి యూనివర్సిటీ అసైన్‌మెంటు రాయడానికి డైనింగ్ టేబుల్ ఆక్రమించింది. ఈ దేశంలో స్కూల్లో జపనీస్ నేర్పుతారు. తను అది వదలకుండా జపాన్ చరిత్ర దాకా వెళ్లింది.

"నాన్నా, గెన్‌ర్యాకు అని ఒక ఈరా, శకం లాంటిది, ఉంది, తెలుసా? ఏడాదిన్నర కూడా లేదు. ఎనిమిది వందల ఏళ్ల కిందటిది."

ఆ దేశంలో సంవత్సరాలకు పేర్లు పెట్టేవారట. చక్రవర్తి కొలువు ఒక పేరు పెడుతుంది, ఒకటో ఏడు, రెండో ఏడు అని లెక్క మొదలవుతుంది. కరువో మశూచో తోకచుక్కో వస్తే ఆ పేరు చెడ్డదైపోయిందని కొట్టేసి ఇంకో పేరు పెడతారు. లెక్క మళ్లీ ఒకటి నుంచి.

"మన పంచకం లాగే. ఇల్లు మార్చే బదులు సంవత్సరం మార్చారు" అన్నాను. నవ్వొచ్చింది. ఎనిమిది వందల ఏళ్ల నాటి ప్రత్యర్థి దొరికాడు నాకు.

"వెయిట్, ఇది విను" అంది. గెన్‌ర్యాకు మొదలైనప్పుడు ఆ దేశంలో ఇద్దరు చక్రవర్తులు, ఇద్దరూ చిన్నపిల్లలే, ఒకే తండ్రి బిడ్డలు. ఒకణ్ణి రాజధానిలో కూర్చోబెట్టారు. రెండోవాణ్ణి ఓడిపోతున్న అతని అమ్మమ్మ వంశంవాళ్లు పడవల్లో వేసుకుని పడమటి సముద్రం మీద తిరుగుతున్నారు. రాజధాని గెన్‌ర్యాకు అంటోంది. పడవలవాళ్లు ఒప్పుకోలేదు, పాత పేరుతోనే లెక్క కొనసాగించారు. "సో, ఒకే రోజుకి రెండు డేట్స్. ఏ డేటు రాస్తే ఆ పార్టీ అన్నట్టు."

నేను నవ్వడం ఆపేశాను.

రెండో ఏడు వసంతంలో పడవలవాళ్లు పూర్తిగా ఓడిపోయారు. అమ్మమ్మ ఆరేళ్ల పిల్లవాణ్ణి ఎత్తుకుని సముద్రంలోకి దూకింది. నాలుగు నెలలు తిరక్కుండా రాజధానిలో పెద్ద భూకంపం. గుళ్లు కూలాయి, ఇళ్లు కూలాయి. మునిగిపోయినవాళ్ల పగే ఇది అన్నారు జనం. కొలువు గెన్‌ర్యాకు అన్న పేరు ఎత్తేసి కొత్త పేరు పెట్టింది.

"ఆఫ్టర్‌షాక్స్ ఆగాయా?" అని అడిగాను. అడగకుండానే తెలుసు. ఈ ఊళ్లో అందరికీ తెలుసు.

"లేదు. నెలల పాటు వస్తూనే ఉన్నాయి. పేరు మారిందని భూమికి ఎవరూ చెప్పలేదు కదా." తర్వాత పెన్ను కొరుకుతూ అంది, "కానీ నాన్నా, వాళ్లకి దెయ్యం భయమా, గిల్టా? ఐ మీన్, ఆ పిల్లాడు పోతుంటే ఎవరూ ఆపలేదు కదా. పేరు మార్చేస్తే ఆ సంవత్సరం గురించి ఇంక మాట్లాడక్కర్లేదు."

టైము మార్చి నేను చేసిన పనే వేరేవాళ్ల నోట వింటే ఎలా ఉంటుందో ఆ రోజు తెలిసింది.

అంతకుముందే మొదలైన సంగతి ఇక్కడ చెప్పాలి. జూన్ తర్వాత నాకు రోజూ ఐదూ యాభైకి మెలకువ వచ్చేది. అలారం లేకుండా. దుప్పట్లో పడుకుని చప్పుడు కోసం వినేవాణ్ణి. అది వినిపించేది. పడటం, దొర్లడం, గోడకు తగలడం. మనసు ఆడించే ఆటలు నాకు తెలియనివి కావు, వాటి మీద ఉపన్యాసాలిచ్చాను. తెలిసినా వినిపించేది. వంటింట్లో ఆ గ్లాసును అల్మరా పైఅరలో, పళ్లాల వెనక్కి తోసేశాను. ఎవరూ ఎందుకని అడగలేదు. ఇంకో సిగ్గుమాలిన సంగతి. నేను నెలలు లెక్కపెట్టాను. జులై, ఆగస్టు, సెప్టెంబరు. ఆరు నెలలు ఎప్పుడు పూర్తవుతాయా అని, మామయ్య దగ్గినప్పుడల్లా, అమ్మాయి కారు ఆలస్యమైనప్పుడల్లా. దోషం లేదని తేలిన ఇంట్లో పంచకం పాటించినవాణ్ణి నేనొక్కణ్ణే.

నవంబరులో ఒక ఉదయం అందరం టిఫిను తింటుంటే భూమి కదిలింది. చిన్నదే. ఈ ఊళ్లో అలాంటిదానికి టీ కప్పు పట్టుకుంటారు తప్ప కుర్చీలోంచి లేవరు. అల్మరా తలుపు తెరుచుకుంది. వెనక్కి తోసిన గ్లాసు ఎలా ముందుకొచ్చిందో, అరలోంచి పడి, దొర్లుకుంటూ మామయ్య పాదానికి తగిలి ఆగింది.

మామయ్య వంగి తీసుకున్నారు. "మీ అత్తయ్యది" అన్నారు, అంతే. తుడిచి పక్కన పెట్టుకున్నారు.

అప్పుడు నా తలలోకి వచ్చిన మొదటి ఆలోచన భూకంపం ఎంత పెద్దది, లోతెంత అన్నది కాదు. 'అత్తయ్యకు తెలిసిపోయింది' అనుకున్నాను. భూకంపాల మీద ఏళ్ల తరబడి రిపోర్టులు రాసినవాణ్ణి. ఆ రాజధానిలో కూలిన గోడల మధ్య నిలబడి మునిగిపోయినవాళ్ల పగ అన్న మనిషికీ నాకూ మధ్య ఒక్క అంగుళం తేడా లేదు. ఆ మనిషికి సైన్సు తెలియదు, నాకు తెలుసు. మరి నాకు ఆ ఆలోచన ఎందుకొచ్చింది? మా పెద్దాయన నేర్పిన మొదటి ప్రశ్న అప్పుడు నన్ను నేను అడిగాను. ఆవిడ ఏడూ నలభైకి పోయిందని నీకెలా తెలుసు?

టిఫిను పళ్లాలు అలాగే ఉన్నాయి. చెప్పేశాను. చప్పుడు విన్నాను. టైము చూశాను. లేవలేదు. వాదన గెలవడానికి ఆ సంగతి దాచాను.

మా ఆవిడ పళ్లెం పక్కకు జరిపింది. "అదే మీ అమ్మగారై ఉంటే మీరు లేచేవారు" అంది. లేచి ఉంటే అత్తయ్య బతికేదా అన్నది ఎవరూ చెప్పలేరు. బతికేది కాదేమో అని మా ఆవిడే, నర్సుగా, తర్వాతెప్పుడో అంది. ఆ 'ఏమో' మా ఇంట్లో ఉండిపోయింది.

మామయ్య చెవి మిషను సర్దుకున్నారు. "ఎన్నింటికన్నారు?"

"ఐదూ యాభై."

"సరిగ్గానా? సుమారుగానా?"

"సరిగ్గానే. ఫోన్లో చూశాను."

"అంటే గంటా యాభై నిమిషాలు." ఆయన ఆ మాట మెల్లిగా అన్నారు. "గంటా యాభై నిమిషాలు అది ఒక్కతే ఉంది. నేను గోడ అవతల."

"నాన్నా, అయితే రేవతే కదా" అంది మా ఆవిడ. "ఆరో నెల ఇంకా ఉంది. ఇప్పుడైనా..."

"రేవతి అయితే నాకేంటమ్మా, అశ్విని అయితే నాకేంటి?" మొదటిసారి ఆయన గొంతు పెరిగింది. "నన్ను ఆ గదిలోంచి లేపొద్దన్నాను. నక్షత్రం మార్చమని ఎవరినీ అడగలేదు." తర్వాత నా వైపు తిరిగారు. "అల్లుడుగారూ, మీరు నన్ను గదిలో ఉంచడానికే చేశారు. తెలుసు. కానీ టైము తప్పు చెప్పి ఉంచారు. ఉన్నదున్నట్టు చెబితే కూడా నేను ఉండేవాణ్ణే. ఎవడు కదిలించేవాడు నన్ను?"

ఆయన డైరీ తెచ్చారు. జూన్ పేజీ తీశారు. 7:40 మీద చదవడానికి వీలుగా ఒకే గీత గీశారు, స్టేషన్లో తప్పు దిద్దినప్పుడు అలాగే చేయాలట, పాత అంకె కనబడాలి. పక్కన 5:50 రాసి, కింద పొడి సంతకం పెట్టారు.

మర్నాడు ఐదూ యాభైకి నాకు మెలకువ వచ్చింది. వీధి గదిలో లైటు వెలుగుతోంది. మామయ్య ఆవిడ మంచం పక్కన కుర్చీ వేసుకుని, చెవి మిషను పెట్టుకుని కూర్చున్నారు. గ్లాసు నిండా నీళ్లు స్టూలు మీద. నేను లోపలికి అడుగు పెట్టబోతే చెయ్యెత్తి ఆపారు.

"మీరు రావద్దు. ఇది నా డ్యూటీ."

వసారాలో నేల మీద కూర్చున్నాను. చలిగానే ఉంది. ఎండ వచ్చి, పక్కింటివాళ్ల కారు స్టార్టయింది. ఏడూ నలభైకి ఆయన లేచి, లైటు ఆర్పి, గ్లాసు తీసుకుని వంటింట్లోకి వెళ్లారు. ఆ రోజు నుంచి గ్లాసు అల్మరాలో ముందు వరసలోనే ఉంటోంది. నాకు మెలకువ ఇప్పటికీ వస్తుంది. వస్తే లేచి కూర్చుంటాను.

పంచాంగాలతో పోట్లాట నేను మానలేదు. పాపకూర గరాజు గురించి ఇంకా రాస్తాను, ఇంకా అరుస్తాను. కానీ ఇప్పుడు మిమ్మల్ని అడిగేది వేరు. మీ ఇంట్లో కూడా ఒక ఘడియ ఉంది, మీరొక్కరే విన్నదీ మీరొక్కరే లేవనిదీ. దాని మీద ఇంకో టైము రాసి ఉంచారు. ఆ ఘడియ మీది కాదు. దాన్ని తెలుసుకునే హక్కున్న మనిషి ఇంకా బతికే ఉన్నారు, బహుశా పక్క గదిలోనే ఉన్నారు. ఇది చదవడం ఇక్కడ ఆపేయండి. లేవండి. వెళ్లి ఆ మనిషికి అసలు టైము చెప్పండి.